ఆరోగ్యమైన నరం ఎంత లావు?

చేతుల్లో, కాళ్లలో, మెడలో పరుచుకున్న నరాలను అల్ట్రాసౌండ్‌తో అడ్డంగా చూసి, ఆ అడ్డుకోత వైశాల్యాన్ని చదరపు మిల్లీమీటర్లలో లెక్కగట్టడం గత ముప్పై నలభై ఏళ్లలో స్థిరపడిన పరీక్ష. సూది గుచ్చరు, కరెంటు పెట్టరు. కాస్త జెల్లు పూసి ప్రోబు ఆనిస్తే చాలు. మణికట్టు దగ్గర మీడియన్ నరం ఆరోగ్యవంతుల్లో సుమారు 6 నుంచి 10 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది. వాచిన నరం ఇంతకన్నా పెద్దదిగా కనబడుతుంది.

వాపు ఉందని చెప్పాలంటే వాపు లేని నరం కొలత ముందు తెలియాలి. చిక్కంతా అక్కడే ఉంది. పుస్తకాల్లోని కొలతలు చాలాకాలం అమెరికా, ఐరోపా ఆసుపత్రుల నుంచి వచ్చినవే. ఆరడుగుల డచ్చివాడి చేతిని కొలిచి రాసిన అంకెతో శ్రీశైలానికి తూర్పున ఉన్న త్రిపురాంతకం మిరప రైతు చేతిని తూచవచ్చా? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారిలో నెల్లూరు వైద్యులు ఉన్నారు.

నరం ఒకే తీగ కాదు. వేలాది సన్నని నరతంతువులు చిన్న చిన్న కట్టలుగా ఉంటాయి. ఆ కట్టలన్నిటినీ కలిపి చుట్టూ ఒక పొర కప్పి ఉంటుంది. అల్ట్రాసౌండ్ తెరమీద తంతువుల కట్టలు నల్లని చుక్కలుగా, వాటి మధ్య కణజాలం తెల్లని గీతలుగా కనబడతాయి. అందుకే అడ్డుకోతలో నరం తేనెపట్టు ముక్కలా ఉంటుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. నిలువుగా చూస్తే పక్కపక్కనే సాగే చారలు. పక్కనే ఉండే, కండరాన్ని ఎముకకు కట్టే టెండన్ కూడా తెల్లగా చారలు చారలుగానే ఉంటుంది కనుక కొత్తగా నేర్చుకునేవారు రెంటినీ కలగాపులగం చేసుకుంటారు. ప్రోబును కొంచెం వంచితే గుట్టు బయటపడుతుంది. టెండన్ వెంటనే నల్లబడిపోతుంది, నరం అంతగా మారదు. వేళ్లు ఆడించమంటే టెండన్లు బాగా ముందుకీ వెనక్కీ జారతాయి, నరం వాటంతగా కదలదు.

ఇంత సన్నని వివరం కనబడాలంటే శబ్దతరంగం పొట్టిగా ఉండాలి. శరీర కణజాలంలో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది. కడుపు స్కానింగుకు వాడే 3.5 మెగాహెర్ట్జ్ ప్రోబులో తరంగం పొడవు 0.44 మిల్లీమీటర్లు. నరాలకు వాడే 18 మెగాహెర్ట్జ్ ప్రోబులో అది 0.09 మిల్లీమీటర్లకు లోపే. అయితే తరంగం పొట్టిదైనకొద్దీ లోతుకు దిగలేదు. చర్మం కిందే ఉండే మణికట్టు నరానికి ఎక్కువ మెగాహెర్ట్జ్ బాగా పనికొస్తుంది. తొడలో కండరాల అడుగున ఉండే సయాటిక్ నరానికి తక్కువ ఫ్రీక్వెన్సీకి దిగాల్సిందే. గర్భిణులకు చూసే పొట్ట ప్రోబుతోనే చేతి నరాన్ని కొలిచి రిపోర్టు రాస్తే ఆ అంకెకు విలువ ఇవ్వనక్కర్లేదు.

చరిత్ర పెద్దదేమీ కాదు. చేతుల, కాళ్ల నరాలు అల్ట్రాసౌండ్‌లో ఎలా ఉంటాయో బ్రూనో ఫోర్నాజ్ 1988లో రేడియాలజీ పత్రికలో వర్ణించారు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో బుక్‌బెర్గర్ బృందం 1990 దశకం మొదట్లో మణికట్టు దగ్గర నొక్కుకుపోయిన మీడియన్ నరాన్ని కొలిచి చూపింది. 1995లో ఇటలీ వైద్యులు తెరమీద కనబడే చుక్కలను మైక్రోస్కోపు కింది నరంతో పోల్చి చూశారు. తెరమీద కనబడిన కట్టలకన్నా మైక్రోస్కోపు కింద ఉన్నవే ఎక్కువ. అంటే మిషను ప్రతి కట్టనూ పట్టలేదు, కొన్ని కలిసిపోయి ఒకటిగా కనబడతాయి. మొత్తం వైశాల్యాన్ని మాత్రం నమ్మకంగా చెబుతుంది. 2012లో అమెరికా నాడీ-కండర వైద్యుల సంఘం మణికట్టు నరం నొక్కుడు నిర్ధారణకు ఈ కొలతను గట్టి ఆధారమున్న పరీక్షగా ఒప్పుకుంది.

ఇక నెల్లూరు. అప్పట్లో అక్కడి నారాయణ వైద్య కళాశాల ఆసుపత్రిలో పనిచేసిన నాడీ వైద్యుడు లోకేశ్ బత్తల, సహచరులతోనూ నెదర్లాండ్స్‌లోని టిల్‌బుర్గ్ నగరపు నాడీ వైద్యుడు లేయో విస్సర్‌తోనూ కలిసి ఆరోగ్యవంతులైన నూరుమందిని పరీక్షించారు. మోచేతి వెనక నుంచి చిటికెన వేలి వైపు పోయే అల్నార్ నరాన్ని చేయి పొడవునా చోటు చోటునా కొలిచిన వివరాలు 2013లో మజిల్ అండ్ నర్వ్ పత్రికలో వచ్చాయి. మీడియన్ నరం మీద అదే తరహా వ్యాసం 2014లో వచ్చింది. కొలత ఒక్కటే తీసుకుని ఊరుకోలేదు. నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్షను కూడా పక్కన పెట్టి సరిచూశారు. ఆకారం ఒకటి చెప్పి, పనితీరు మరొకటి చెబితే ఎక్కడో తేడా ఉన్నట్టే కదా.

అదే 2014లో విస్సర్, బత్తల ఇంకో వైద్యుడితో కలిసి మరో వ్యాసం రాశారు. డచ్చివారి మీడియన్ నరాన్నీ భారతీయుల మీడియన్ నరాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. తేడా ఉంది. డచ్చివారి నరం పెద్దది. వినడానికి ఇది పెద్ద విశేషంలా అనిపించదు, పొడుగాటి మనిషికి పెద్ద చేయి, పెద్ద చేతికి లావు నరం అనిపిస్తుంది. క్లినిక్‌లో మాత్రం దీని ప్రభావం చిన్నది కాదు. ‘వాపు’ అని తేల్చే ఐరోపా గీత 10 దగ్గర ఉందనుకుందాం. సహజంగా నరం సన్నగా ఉండే మనిషికి జబ్బువల్ల అది సగం పెరిగినా ఆ గీత దాటకపోవచ్చు. రాత్రిళ్లు చేయి మొద్దుబారి నిద్రలేచే ఆ మనిషికి రిపోర్టు ‘నార్మల్’ అని వస్తుంది. పరాయి దేశపు అంకెలను కళ్లకద్దుకుని వాడేవారు ఈ ఒక్క వ్యాసాన్నైనా చదవాలి.

కొలిచే తీరును దగ్గరగా చూస్తే అంకె ఎక్కడెక్కడ జారిపోగలదో అర్థమవుతుంది. పరీక్షకు వచ్చినవారు కుర్చీలో కూర్చుని చేయి దిండు మీద పెడతారు, అరచేయి పైకి, వేళ్లు సహజంగా కొంచెం ముడుచుకుని. మణికట్టు గీత మీద ప్రోబును అడ్డంగా ఆనిస్తారు. చిటికెన వేలి వైపు పైసిఫామ్ అనే గుండ్రటి చిన్న ఎముక గుర్తు. దాని వరసలో, పైన గట్టి కప్పు, కింద తొమ్మిది టెండన్లు, మధ్యలో కోలగా పరుచుకున్న మీడియన్ నరం. బొమ్మను ఆపి, నరం చుట్టూ ఉండే తెల్లని అంచుకు లోపలి వైపున మౌసుతో గీత గీస్తారు. అంచును కలుపుకుని గీస్తే వైశాల్యం పెరిగిపోతుంది. లోపలే గీయాలన్నది ఇప్పుడు చాలామంది పాటించే పద్ధతి.

మరో పద్ధతి కూడా ఉంది. నరం వెడల్పు 5 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు అయితే రెంటినీ గుణించి 0.785తో మళ్లీ గుణిస్తారు. వచ్చేది 7.85. కోడిగుడ్డు ఆకారం చక్కగా ఉన్నచోట ఇది సరిపోతుంది. నరం మూడు మూలలుగా ఉన్నచోట తప్పుతుంది. చేయి తిరిగినవారు గీత గీయడానికే మొగ్గుతారు.

ప్రోబు నరానికి సరిగ్గా అడ్డంగా ఉండాలి. 30 డిగ్రీలు ఏటవాలుగా పెడితే అదే నరం 15 శాతం పెద్దదిగా వస్తుంది. 8 ఉన్న నరం 9.2 అవుతుంది. జబ్బు లేని మనిషికి జబ్బు అంటగట్టడానికి అంత తేడా చాలు. అందుకని నైపుణ్యం ఉన్నవారు ఒకేచోట మూడుసార్లు తీసి సగటు వేస్తారు. ప్రోబును మణికట్టు నుంచి ముంజేతి మీదుగా పైకీ కిందికీ నడిపిస్తూ నరాన్ని వెంటాడతారు. ఆగిన బొమ్మలో ఏది నరమో తెలియకపోయినా, కదిలే బొమ్మలో నరం దారి తప్పదు.

ఆరోగ్యవంతుల్లోనే వింతలు బోలెడు. కొందరికి మీడియన్ నరం మణికట్టు దగ్గరే రెండు పాయలుగా చీలి ఉంటుంది. ఒక్కోసారి మధ్యలో పిండదశ నాటి ధమని మిగిలిపోయి కొట్టుకుంటూ కనబడుతుంది. ఇలా చీలినచోట రెండు పాయల వైశాల్యాలూ కలపాలి. కొందరికి మోచేయి మడిస్తే అల్నార్ నరం ఎముక మీదుగా జారి ముందుకు వస్తుంది, అయినా వారికి ఏ బాధా ఉండదు. మోచేతికి దెబ్బ తగిలి చిటికెన వేలి దాకా షాక్ కొట్టినట్టయ్యేది ఈ నరమే.

శరీరమంతటా కొలతలు ఒకేలా ఉండవు. ముంజేతి మధ్యలో మీడియన్ నరం మణికట్టు దగ్గరకన్నా కొంచెం సన్నం లేదా దాదాపు అంతే. అల్నార్ నరం మణికట్టు దగ్గర 4 నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వరకు, మోచేతి దగ్గర 5 నుంచి 9 వరకు ఉంటుంది. మోచేతి దగ్గర కొంచెం లావెక్కడం సహజమే, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. మోకాలి బయటివైపు ఎముక పక్కన పెరోనియల్ నరం సుమారు 8 నుంచి 12, చీలమండ లోపలివైపు టిబియల్ నరం 9 నుంచి 13. పిక్క వెనక స్పర్శనిచ్చే సూరల్ నరం మాత్రం 2 నుంచి 4 అంతే. తొడలో సయాటిక్ నరం ఏకంగా 40, 50 దాటుతుంది. ఇవన్నీ సుమారు అంకెలు. మిషను, చోటు, జనాభా మారితే ఇవీ మారతాయి.

మనిషిని బట్టి కూడా మారతాయి. ఎత్తు, బరువు పెరిగినకొద్దీ నరం కొంచెం పెద్దదవుతుంది. మగవారి నరాలు సగటున ఆడవారి నరాలకన్నా లావు. ఇందులో చాలా భాగం శరీర పరిమాణం వల్ల వచ్చేదే. వయసు ప్రభావం ఉన్నా తక్కువ. మధుమేహం ఉన్నవారి నరాలు బాధలు మొదలు కాకముందే కొద్దిగా ఉబ్బి ఉండవచ్చు. కనుక ‘ఆరోగ్యవంతుల’ కొలతలు తీసేటప్పుడు చక్కెర పరీక్ష చేయకుండా మనిషిని చేర్చుకుంటే ఆ పట్టికే పాడవుతుంది. మధుమేహం ఇంత ప్రబలిన తెలుగు రాష్ట్రాల్లో ఇది చిన్న విషయం కాదు.

మనిషికీ మనిషికీ ఉన్న తేడాను తప్పించుకోవడానికి ఒక తెలివైన దారి ఉంది. ఆ మనిషి నరాన్నే ఆ మనిషికి కొలబద్ద చేయడం. మణికట్టు దగ్గర వైశాల్యాన్ని ముంజేతి మధ్యలోని వైశాల్యంతో భాగించాలి. ఆరోగ్యవంతుల్లో ఈ నిష్పత్తి 1 దగ్గర ఉంటుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు 2008లో 1.4ను హద్దుగా సూచించారు. సన్నని చేయి అయినా లావు చేయి అయినా ఈ లెక్కతో పెద్దగా పేచీ రాదు. కుడి ఎడమల పోలిక కూడా ఇలాంటిదే.

హద్దు అనేది కూడా దేవుడు గీసిన గీత కాదు. నూరుమందిని కొలిచి, సగటుకు రెండు ప్రామాణిక విచలనాలు కలిపి పైహద్దు పెడతారు. ఆ లెక్కలోనే నూటికి ఇద్దరు ముగ్గురు ఆరోగ్యవంతులు గీత దాటి ఉంటారు. ఒకే మనిషికి పది చోట్ల కొలిచారనుకుందాం. ఒక్కో చోటికీ మరో చోటికీ సంబంధం లేదనుకుంటే, ఏ జబ్బూ లేకపోయినా ఎక్కడో ఒకచోట గీత దాటే అవకాశం దాదాపు ఐదోవంతు. పది అంకెల్లో ఒక్కటి ఎరుపు రంగులో వస్తే మందు మొదలుపెట్టే వైద్యుడు అంకెకు వైద్యం చేస్తున్నాడు.

ఆరోగ్యవంతుల కొలత ఎందుకు కావాలో అన్నిటికన్నా బాగా చెప్పేది కుష్ఠువ్యాధి. ఈ జబ్బులో బాక్టీరియా నరాల్లోనే కాపురం పెడుతుంది. మోచేతి పైన, మోకాలి పక్కన వేళ్లతో తడిమి ‘నరం లావెక్కింది’ అని చెప్పడం కుష్ఠు వైద్యుల పాత విద్య. వేళ్లకు అనుభవం కావాలి, ఇద్దరు వైద్యులు ఒకే మాట చెప్పాలని లేదు. హైదరాబాదులో సుమన్ జైన్ బృందం, మళ్లీ విస్సర్ తోడుగా, 20 మంది కుష్ఠు రోగులను 30 మంది ఆరోగ్యవంతులతో పోల్చి 2009లో వ్యాసం ప్రచురించింది. అల్నార్, మీడియన్, పెరోనియల్, టిబియల్ నరాలు నాలుగూ రోగుల్లో స్పష్టంగా పెద్దవి. వేళ్లకు అందిన దానికన్నా ఎక్కువ మేర నరం దెబ్బతిన్నట్టు అల్ట్రాసౌండ్ చూపింది. నరంలోపల రక్తప్రవాహం పెరిగిందో లేదో కలర్ డాప్లర్‌తో చూస్తే, జబ్బు రగులుతున్న దశ కూడా దొరికింది. ఆ ముప్పైమంది ఆరోగ్యవంతులు లేకపోతే ఈ మాటల్లో ఒక్కటీ నిలబడేది కాదు.

బత్తల, విస్సర్ మరికొందరితో కలిసి 2017లో మరో సంగతి తేల్చారు. మామూలుగా మోచేతి దగ్గర నొక్కుకుపోయిన అల్నార్ నరం ఎముక పక్కనే ఉబ్బుతుంది. కుష్ఠువల్ల అయితే ఉబ్బు ఎముకకు పైన, భుజం వైపు కొన్ని సెంటీమీటర్ల దాకా సాగుతుంది. వంకర తిరుగుతున్న చిటికెన వేలితో వచ్చిన మనిషికి ఆపరేషన్ కావాలా, కుష్ఠు మందులు కావాలా అన్నది ఎక్కడ లావెక్కిందో చూస్తే చాలావరకు తెలుస్తుంది. దేశస్థాయిలో కుష్ఠువ్యాధి ప్రజారోగ్య సమస్యగా 2005 చివరికి తొలగిపోయిందని ప్రకటించారు. ప్రకటన తర్వాత కూడా కొత్త రోగులు వస్తూనే ఉన్నారు. తడిమి గుర్తుపట్టే వైద్యులే తగ్గిపోతున్నారు.

వంశపారంపర్యంగా వచ్చే షార్కో-మారీ-టూత్ జబ్బులో ఒక రకంలో నరాలు శరీరమంతటా రెండు మూడు రెట్లు లావెక్కుతాయి. అక్కడ హద్దుల గొడవే ఉండదు, చూడగానే తెలుస్తుంది.

ఇక మొదట్లో చెప్పిన త్రిపురాంతకం సంగతి. అక్కడి త్రిపురాంతకేశ్వరుడి కొండను శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు. గుంటూరు నుంచి కర్నూలు పోయే దారిలో, మార్కాపురానికి ఈశాన్యంగా ఉందీ ఊరు. చుట్టూ మిరప, పత్తి, కంది చేలు. మార్కాపురం వైపు పలకరాయి గనులు. పలకరాయిని ఉలి పెట్టి సుత్తితో పొరలు పొరలుగా చీల్చేవారు, యంత్రాల దగ్గర కోసేవారు, మిరపకాయలు కోసేవారు రోజంతా మణికట్టును ఒకే తీరుగా వాడతారు. గట్టిగా పట్టుకుని పదే పదే చేసే పని, యంత్రపు అదురు, రెండూ మీడియన్ నరం నొక్కుడుకు పేరున్న కారణాలే. ఇలాంటి చేతుల్లో ఇంకా జబ్బు లేనివారి నరం ఎంత ఉంటుందో తెలిస్తేనే జబ్బు పడినవారి నరానికి అర్థం. నూరుమంది ఆఫీసు ఉద్యోగుల సగటు ఇక్కడ సరిపోతుందని ముందే అనుకోకూడదు. పలకల పనివాడి కుడిచేయి ఎడమచేయి కన్నా బలిష్ఠం కావచ్చు. అలాంటివారి విషయంలో మణికట్టు-ముంజేయి నిష్పత్తే ఎక్కువ నమ్మదగినది.

ఈ ప్రాంతానికి ఇంకో శాపం ఫ్లోరైడు నీళ్లు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వైద్య పత్రికకెక్కించిన 1937 నాటి షార్ట్ బృందం వ్యాసం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పశ్చిమ తాలూకాల గురించే. పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ నెల్లూరు జిల్లాలోనివే; మార్కాపురం, గిద్దలూరు, త్రిపురాంతకం కర్నూలు జిల్లా నుంచి వచ్చి వాటితో కలిశాయి. ముదిరిన ఫ్లోరోసిస్‌లో వెన్నెముక ఎముకలు పెరిగి వెన్నుపామునూ నరాల మొదళ్లనూ నొక్కుతాయి. హైదరాబాదు నాడీ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి ఈ విషయం మీద విస్తారంగా రాశారు. అల్ట్రాసౌండ్ ఎముకను దాటి లోపలికి చూడలేదు. కాబట్టి వెన్నులో నొక్కుడు ఉన్న మనిషి చేతి నరాన్ని కొలిస్తే అది మామూలుగానే రావచ్చు. ఆ ‘మామూలు’ కూడా సమాచారమే. తిమ్మిరి మణికట్టులో పుట్టింది కాదు, పైన వెతకండి అని చెబుతుంది. ఎమ్మారై కోసం ఒంగోలో గుంటూరో పంపే ముందు ఈ తేలిక పరీక్ష ఉపయోగం అలాంటిది.

తేలిక అన్నది మిషను విషయంలో నిజం, చట్టం విషయంలో కాదు. ఆడ భ్రూణహత్యలను ఆపడానికి వచ్చిన 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద అల్ట్రాసౌండ్ మిషను వాడే చోటును రిజిస్టరు చేయించాలి. నాడీ వైద్యుడు చేతి నరం చూడటానికి కొన్న మిషనైనా అంతే. ‘ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు’ అన్న బోర్డు కింద కూర్చుని మణికట్టు చూపించుకోవాల్సి రావడం రోగికి వింతగానే ఉంటుంది. చట్టం ఉద్దేశం సరైనదే. కాకపోతే పల్లెలకు మిషను తీసుకెళ్లి ఆరోగ్యవంతుల కొలతలు తీయాలనుకునే పరిశోధకుడికి ముందు కాగితాల పని ఉంటుంది.

నరం కరెంటు పరీక్షకు అల్ట్రాసౌండ్ పోటీ కాదు, తోడు. నరం పని చేస్తోందా లేదా అన్నది కరెంటు పరీక్ష చెబుతుంది. ఎక్కడ, ఎంత ఉబ్బింది, పక్కన గడ్డ ఉందా, నరం చీలి ఉందా అన్నది అల్ట్రాసౌండ్ చెబుతుంది. రెండో దానికి నొప్పి లేదు కనుక పిల్లల విషయంలో వైద్యులు ముందు దాన్నే చూసే సందర్భాలు ఉంటాయి.

చేతి తిమ్మిర్లతో స్కానింగుకు వెళ్లేవారు రిపోర్టులో నాలుగు విషయాలు చూసుకోవాలి: ఏ నరం, ఏ చోట కొలిచారు, చదరపు మిల్లీమీటర్లలో ఎంత, ప్రోబు ఎన్ని మెగాహెర్ట్జ్. ఒక చేతికే తీస్తే రెండో చేతికీ తీయమని అడగాలి. పాత రిపోర్టు ఉంటే వెంట తీసుకెళ్లాలి. చర్మం మీద స్పర్శ తెలియని మచ్చ ఉన్నవారు మాత్రం స్కానింగు కోసం ఆగనక్కర్లేదు. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకుంటే చాలు, కుష్ఠు మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.